రేవు గిడ్డంగిలో ఖాళీ కొక్కెం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ నవ్వే. మేముండే సారం అనే పేటలో మా పక్కింటి అత్త మేడమెట్ల మీద ఏదో నీడ కనిపించిందని చెబితే, "అత్తా, ముందు కళ్ళద్దాలు మార్చుకో" అన్నదాన్ని నేను. ఇప్పుడు ఇది చదివితే ఆమె నన్ను అదే మాట అంటుంది. అననీ.

నేను పుదుచ్చేరిలో ఒక చిన్న రైలు మ్యూజియంలో పనిచేస్తాను. రైలంటే పెద్దది కాదు. ఒకప్పుడు ఓడల సరుకును సముద్రంలోని రేవు వంతెన మీదనుంచి గిడ్డంగికి చేర్చడానికి రెండడుగుల ఎడంతో వేసిన పట్టాలు ఉండేవి. వాటి మీద ట్రాలీలను మనుషులే తోసేవాళ్ళు. ఆ గిడ్డంగే ఇప్పుడు మ్యూజియం. రెండు ట్రాలీలు, పది గజాల పట్టాలు, గోడకు ఒక కొక్కెం ఉంటాయి. ఆ కొక్కేనికి అరచేతంత ఇత్తడి బిళ్ళ ఉండేది.

ఆ బిళ్ళకొక నియమం ఉండేది. వంతెన మీదికి వెళ్ళేవాళ్ళు దాన్ని వెంట తీసుకెళ్ళాలి. అందరూ తిరిగి వచ్చాకే కొక్కేనికి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే ఎవరో ఇంకా పట్టాల మీద ఉన్నారని. అప్పుడు గేటు మూయకూడదు.

మా నాయన వయసులో ఉండగా అక్కడ ట్రాలీ తోసేవాడు. ఆయన జోడీ కురుచికుప్పం అనే పేటకు చెందిన మురుగేశన్. ఒక గాలివాన సాయంత్రం ఇద్దరూ తిరిగి వస్తుంటే, మరిచిపోయిన తాడు తెస్తానని మురుగేశన్ వెనక్కి వెళ్ళాడు. వచ్చేస్తాడులే అనుకుని నాయన బిళ్ళ తగిలించి ఇంటికొచ్చేశాడు. బిళ్ళను చూసి వాచ్‌మన్ గేటు మూసేశాడు. మురుగేశన్ మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. శవం కూడా దొరకలేదు.

మ్యూజియం తెరిచాక నాయన రోజూ వచ్చేవాడు. నేరుగా వెళ్ళి బిళ్ళ తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. సముద్రం వైపు తలుపు దగ్గర బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చునేవాడు.

"వాడింకా రాలేదు గదా పాపా. తగిలిస్తే గేటు మూసేస్తారే" అనేవాడు.

కొక్కెం ఎందుకు ఖాళీగా ఉందని సందర్శకులు అడగడం మొదలుపెట్టారు. మేనేజరు అందరి ముందూ నన్ను మందలించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బిళ్ళకు, కొక్కేనికి కలిపి అద్దాల పెట్టె బిగించి తాళం వేయించాను. తాళంచెవి ఒక్కటే, అది నా బ్యాగులోనే ఉండేది. మరునాడు నాయన వచ్చి, అద్దం మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత మ్యూజియానికి రావడం మానేశాడు.

నెల తిరక్కుండానే మంచం పట్టాడు. ఆసుపత్రిలో ఒక సోమవారం, నర్సు రెండున్నరకు వేయాల్సిన మందు వేసి వెళ్ళగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిళ్ళ యాడుండాది పాపా?"

"తీసేసినా నాయనా. కొక్కెం ఖాళీగానే ఉండాది."

"నిజంగానా?"

"నీమీదొట్టు."

"అయితే సరే. నేను పోయి వాణ్ణి పిల్చుకోనొస్తా" అని కళ్ళు మూసుకున్నాడు.

కన్నతండ్రి మీద దొంగ ఒట్టు వేశాను. దయ్యాలను నమ్మకపోయినా దానికి మాత్రం భయపడ్డాను. నాయన నిద్ర లేచేలోగా ఆ మాట నిజం చేయాలని, తమ్ముణ్ణి ఆయన దగ్గర కూర్చోబెట్టి ఆటోలో పరుగెత్తాను.

సోమవారం మ్యూజియానికి సెలవు. గేటు తాళం నేనే తీశాను. అద్దాల పెట్టె తాళం వేసినట్టే ఉంది. లోపల కొక్కెం ఖాళీగా ఉంది.

పెట్టె తెరిచి చేత్తో తడిమాను. నేలంతా వెతికాను. అక్కడ ఉండగానే తమ్ముడు ఫోన్ చేశాడు. నాయన పోయాడని చెప్పాడు.

తర్వాత మేనేజరు నన్నే అనుమానించాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అనుమానించేదాన్నే. ఇద్దరం కూర్చుని కెమెరా రికార్డింగు చూశాం. రెండున్నర దాకా బిళ్ళ ఉంది. ఆ తర్వాత లేదు. నేను వచ్చేదాకా ఆ గదిలోకి ఎవరూ రాలేదు. మేనేజరు రికార్డింగు ఆపేసి వెళ్ళిపోయాడు.

కెమెరా చెడిందేమో, తాళం సరిగా పడలేదేమో అని ఎన్నో విధాల ఆలోచించాను. ఏదీ అతకలేదు. నేను వేసింది దొంగ ఒట్టో, నిజమైన ఒట్టో కూడా నాకు తెలియదు.

మ్యూజియం వాళ్ళు నకలు బిళ్ళ చేయించి పెడదామన్నారు. నేను బతిమాలి వద్దన్నాను. ఐదు కాగానే కిటికీలు, ముందు తలుపు మూసేస్తాను. సముద్రం వైపు తలుపు మూయడానికి మాత్రం చేతులు రావు. నాయన కూర్చునే బెంచీ మీద కాసేపు కూర్చుంటాను. కొక్కెం ఇంకా ఖాళీగానే ఉంది.