మూడు కారణాల టీచరమ్మ

ఏడో తరగతికి చరిత్ర చెప్పే ఒక టీచరమ్మ సుద్దముక్కతో సామ్రాజ్యాన్ని కూలదోసింది. కూలదోసిందంటే మరీ నేలమట్టం చేసిందని కాదు, కాస్త పక్కకు ఒరిగించింది. సామ్రాజ్యమంటే ఏడు సముద్రాలదాకా పాకిందీ కాదు, రెండంతస్తుల ప్రైవేటు బడి. సుద్దముక్క మాత్రం అచ్చంగా నిజం.

పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు మూడు కారణాల టీచరమ్మ. పాపం, అందులో ఆవిడ తప్పు లేదు. ఉన్న కాసిని పీరియడ్లలో సగం లెక్కల మాస్టారు, "చరిత్రేగా మేడమ్, ఎక్కడికి పోతుంది" అంటూ పట్టుకుపోయేవాడు. మిగిలినవాటిలో కొన్ని వార్షికోత్సవం డాన్సులు మింగేసేవి. పుస్తకంలోనేమో రాజవంశాలు టిక్కెట్ల క్యూలోలా బారులు తీరి ఉండేవి. అందుకని ఆవిడ ఒక ఉపాయం పన్నింది. ఏ రాజ్యం పడిపోయినా కారణాలు మూడే: వారసుల అసమర్థత, మితిమీరిన పన్నులు, రాజకుటుంబం విలాసాలు. నిద్రలో లేపి అడిగినా పిల్లలు గడగడా అప్పజెప్పేవారు. ఏ రాజ్యమని అడిగితే మాత్రం నీళ్లు నమిలేవారు. అయినా మార్కులు దండిగా పడేవి. పేపర్లు దిద్దేదీ ఆవిడే కదా.

ఇంట్లో ఫ్యాను ఆగిపోతే భర్త, "ఏమోయ్, వారసుల అసమర్థతేనా?" అని ఆటపట్టించేవాడు. "కాదు, ఇంటాయన విలాసాలు. లేచి స్టూలు ఎక్కండి" అనేది ఆవిడ.

బడి పెట్టిన పెద్దాయన పోయాక కొడుకు కరస్పాండెంటు కుర్చీ ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే తన గదికి ఏసీ, తనకో నల్ల అద్దాల కారు, పిల్లలకు కొత్త ఫీజులు వచ్చాయి. ఒకరోజు టీచరమ్మను పిలిచాడు.

"చచ్చినవాళ్ల గురించి ఇన్ని పీరియడ్లెందుకు మేడమ్? రోబోటిక్స్ పెడదాం. రేపు తనిఖీకి అధికారి వస్తున్నాడు. ఆయన ముందు పిల్లలు నోరు విప్పితే సరే. లేదంటే మీరు వేరే బడి చూసుకోండి."

రిటైరయ్యే వయసులో ఆవిడకు ఏ బడి దొరుకుతుంది? మర్నాడు పొద్దున్నే తరగతికి వెళ్లి బతిమాలింది.

"నాయనల్లారా, అమ్మల్లారా, ఆయన ఏమడిగినా సరే, ఠక్కున లేచి చెప్పేయండి. నా ఉద్యోగం మీ చేతుల్లో ఉంది."

అధికారి వచ్చాడు. పక్కన కరస్పాండెంటు వినయంగా చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఇంతలో పైకప్పు నుంచి పెచ్చు ఒకటి ఊడి అధికారి భుజం మీద పడింది. ఆయన దులుపుకుంటూ కరస్పాండెంటు వైపు తిరిగాడు.

"ఏమయ్యా, మీ నాన్నగారి రోజుల్లో బడి కళకళలాడేది. ఇలా ఎందుకైపోయింది?"

మొదటి బెంచీలో కళ్లజోడు పిల్ల ఠక్కున లేచింది.

"మూడు కారణాలు సార్. ఒకటి, వారసుల అసమర్థత."

మిగతా తరగతంతా అందుకుంది. "రెండు, మితిమీరిన పన్నులు. మూడు, రాజకుటుంబం విలాసాలు."

టీచరమ్మ గోడకు ఆనుకుంది. అక్కడా కాస్త సున్నం రాలింది. అధికారి కిటికీలోంచి నల్ల అద్దాల కారు వైపు చాలాసేపు చూశాడు.

"భేష్. చరిత్ర చదివితే ఇలా చదవాలి. ఇంకో రెండు పీరియడ్లు పెంచండి" అన్నాడు.

కరస్పాండెంటు పన్ను పీకించుకుంటున్నవాడిలా నవ్వాడు.

ఉద్యోగం నిలిచింది. రోబోలు రాలేదు. ఒక్క చిన్న సర్దుబాటు మాత్రం జరిగింది: పతనం పాఠాలు చెప్పకూడదని సర్క్యులర్ వచ్చింది. ఇప్పుడు ఆ బడిలో రాజ్యాలు వెలుస్తాయి, విస్తరిస్తాయి, గంట కొట్టేదాకా విస్తరిస్తూనే ఉంటాయి.

కావాలంటే ఆవిడనే అడగండి.

"ఎవరండీ చెప్పింది? మా బడి పైకప్పుకు పెచ్చులే లేవు. అధికారి అసలు రానేలేదు. వచ్చిన రోజున నేను సెలవులో ఉన్నాను" అంటుంది.