పెద్దవాళ్ళని చేతులు కట్టుకోమన్న టీచరమ్మ

టీచరమ్మ పోయారన్న సంగతి కొట్లో పంచదార తూస్తుండగా తెలిసింది. ఫోన్ మోగితే చూశాను. బడి పాత పేరెంట్స్ గ్రూపులో ఎవరో పెట్టారు: "మన టీచరమ్మ ఈ ఉదయం కన్నుమూశారు." ఆ కింద వరసగా దండాలు, పువ్వులు, దీపాలు. పది నిమిషాల్లో నలభై మంది. ఆ నలభై పేర్లూ చదివాను. అందులో ముప్పై మంది ఆవిడని పిచ్చిదన్నవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చినవాడి కళ్ళు చేరెడని పెద్దలు ఊరికే అనలేదు. ఫోన్ బోర్లా పెట్టి, పంచదార పొట్లం కట్టి ఇచ్చి, బేరం వెళ్ళాక కూర్చుని ఏడ్చాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆవిడని పిచ్చిదన్నవాళ్ళలో మొదటిదాన్ని నేనే. కాబట్టి నా దగ్గర పూలదండ లాంటి మాటలు ఉండవు. అలాంటివి కావాలంటే ఆ గ్రూపులో బోలెడున్నాయి, వెళ్ళి చదువుకోండి.

మాది చీపురుపల్లి దగ్గర రోడ్డు పక్క ఊరు. మా మామగారి కాలం నుంచీ కిరాణా కొట్టు. టీచరమ్మ సర్కారు బళ్ళో పనిచేసి రిటైరయ్యారు. అందరూ కాశీకో తిరుపతికో వెళ్ళే వయసులో ఎక్కడికో వెళ్ళి మాంటిసోరి పద్ధతి నేర్చుకొచ్చి, రైలుకట్ట వైపు ఒక పెంకుటింట్లో బడి పెట్టారు. మా వైపు ఆ మాట కొత్తది కాదు. రంగుల బోర్డు, టై, బెల్టు, వీపు మీద బస్తా, వీటన్నిటినీ కలిపి మాంటిసోరి అంటారనుకునేవాళ్ళం. నేనూ అలాగే అనుకుని మూడేళ్ళ నా కూతురికి టై కట్టి మరీ తీసుకెళ్ళాను.

టీచరమ్మ పిల్లని చూడకముందే టై చూశారు. "ఇదేటమ్మా, గుంటకి పలుపు కట్టీసినావు?" అని ఊడదీసి నా చేతిలో పెట్టారు. మాకు ఆడపిల్లని గుంట అనడం అలవాటే, అందులో తప్పేమీ లేదు. కానీ పలుపు పశువుల మెడకి కట్టేది! వచ్చిన మొదటి నిమిషంలోనే అంత మాట అనిపించుకున్నాను.

ఆ కోపంలోనే పిల్ల చెప్పులు విప్పబోయాను.

"సేతులు కట్టుకో," అన్నారు.

"ఎవరు, నేనా?"

"నువ్వే. ఆ బల్ల మీద కూకుని సేతులు కట్టుకో. అది ఇప్పుకుంటాది."

ఏ బళ్ళో అయినా పిల్లలకి నేర్పే మొదటి పాఠం అదే కదా, చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో అని. నేనూ అలాగే చదువుకున్నాను. ఆవిడ ఆ శిక్ష తీసుకొచ్చి మాకు వేశారు. నా కూతురు ఆ చెప్పు బకిలుతో పావుగంట కుస్తీ పట్టింది. నా వేళ్ళు దురద పుట్టి చచ్చాను. చివరికి విప్పింది. విప్పి నా వైపు చూడనైనా చూడలేదు, రెండో చెప్పు మొదలెట్టింది. ఇంటికి వచ్చి మా ఆయనతో, "ఆవిడకి పొగరు" అన్నాను. ఆ మాట చాలా ఏళ్ళు అన్నాను.

తర్వాత ఏడాది పొడుగునా పోట్లాటే. అక్కడ నా కూతురు చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచేది, పప్పులో రాళ్ళు ఏరేది, ఇత్తడి గంట తోమేది. "మీరు నా పిల్లని పనిమనిషిని చేస్తున్నారా?" అని అడిగాను. గ్లాసులు నిజం గాజువి. ఒకనాడు నా కళ్ళముందే నా కూతురు ఒకటి పగలగొట్టింది. నేను పరుగెత్తబోతుంటే మళ్ళీ అదే మాట, సేతులు కట్టుకో. టీచరమ్మ కేకలెయ్యలేదు, మెల్లగా చిన్న చీపురు తెచ్చి పిల్ల పక్కన పెట్టారు. పెద్ద పెంకులు తను ఏరారు, పొడి పిల్ల చేత ఊడిపించారు. "స్టీలుది ఇవ్వచ్చుగా," అన్నాను. "పగిల్తేనే గదమ్మా, పగుల్తాదని తెలుస్తాది," అన్నారు.  ఇంత తేలిక మాటకి నాకు కోపం ఇంకా ఎక్కువైంది.

పక్కింటి పిల్లవాడు నాలుగేళ్ళకే నాలుగు పుస్తకాలు నింపేస్తున్నాడు. నా కూతురేమో అట్టముక్కల మీద అంటించిన గరుకు అక్షరాల్ని వేలితో రాస్తూ, ఆ శబ్దాలు పలుకుతూ కూర్చునేది. పలక లేదు, బలపం లేదు. దులిపేద్దామని వెళ్ళాను. "దాని ఏలికి తెలుస్తంది, నీ కంటికి తెలీదు, అంతే," అని నన్ను పంపేశారు. కొన్ని నెలలకి ఒక పొద్దున కొట్టు ముందు నేల మీద సుద్దముక్కతో ఎవరో "ఉప్పు" అని రాసి ఉంది. ఉప్పు బస్తా ఎదురుగానే. ప కింద ఒత్తు కూడా సరిగ్గా ఉంది. ఎవరు రాశారే అంటే నా కూతురు, "నేనే. రాయాలనిపించింది," అంది. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒక్క మంచి మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పక్కింటావిడకి మాత్రం మూడుసార్లు చూపించాను.

ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లలందరూ ఒకే గదిలో. నా పిల్ల ఎన్నో క్లాసని బంధువులు అడిగితే నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి రైలు ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి ఎలా వెళ్తుందని పిల్లలు అడిగారట. టీచరమ్మకి తెలియకేం? చెప్పలేదు. "ఎల్లి అడగండి," అన్నారు. నలుగురు పిల్లలు వాళ్ళే ఉత్తరం రాసుకుని, స్టేషనులో ఇచ్చి, రమ్మన్న రోజున వాళ్ళే నడిచి వెళ్ళారు. బడి ఆయమ్మ పది అడుగులు వెనక. ఎనిమిదేళ్ళ నా కూతురు నడిబజార్లో కనబడేసరికి అక్కడే తిట్టిపోశాను. ఆ సాయంత్రం అది నాలుగు గరిటెలు నేల మీద పరిచి, పట్టాలు ఎలా జరుగుతాయో మా ఆయనకి చూపించింది. ఆయన భోజనం మానేసి విన్నాడు.

ఇక నా నిర్వాకానికి వస్తాను.

పన్నెండు దాటిన పిల్లల కోసం టీచరమ్మ ఊరి చివర ఒక చిన్న పొలం చెక్క కౌలుకి తీసుకున్నారు. వంగ, గోగు, ఒక పక్క చోళ్ళు, అదే రాగులు. నేల కొలిచేది పిల్లలే, మట్టి పరీక్షకి పంపేది పిల్లలే, వాన ఎంత పడిందో రాసేది, ఏ మడికి నీళ్ళెవరు పెట్టాలో దెబ్బలాడుకుని తేల్చుకునేదీ పిల్లలే. "ఎందుకీ మట్టి పని?" అని అడిగితే ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. "సిన్నప్పుడు దానికి, 'నానే సేసుకుంటాను' అనాలని ఉంటాది. ఈ ఈడొస్తే అది సాలదమ్మా. 'నాను రాకపోతే ఈ పని ఆగిపోతాది' అనిపించాల. అది లేకే గుంటలు ఇలగైపోతన్నారు."

ఆ వంకాయలు పిల్లలు సంతకి తీసుకెళ్ళారు. నా కూతురు గోనె పరుచుకుని, రైతుల పిల్లల పక్కన నేల మీద కూర్చుని, "రండమ్మా, లేత వంకాయలు!" అని అరుస్తోంది. మా ఆడపడుచు చూసి వచ్చి ఇంట్లో చెప్పింది. షావుకారుగారి అమ్మాయి సంతలో వంకాయలమ్ముతోందని ఊరంతా నవ్వుతోందంది. నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఎనిమిది మంది తల్లిదండ్రుల్ని పోగేసుకుని బడి గుమ్మం ముందుకు వెళ్ళాను. పిల్లల్ని కూలికి పెడుతున్నావన్నాను. నోటికొచ్చిందల్లా అన్నాను. ఆవిడ చేతులు కట్టుకుని అంతా విన్నారు.

"మీ మావ సేసిందేటి? మీ ఆయన సేస్తన్నదేటి?" అన్నారు చివరికి. "గల్లాపెట్టె ఎనక కూకుంటే యాపారం, గోనె మీద కూకుంటే పరువు తక్కువా?"

రెండు తరాలుగా అమ్ముకుని బతికే ఇంటి దాన్ని, నా కూతురు అమ్మిందని సిగ్గుపడ్డాను! ఇంతకంటే తెలివితక్కువ కోపం మా ఊళ్ళోనే పుట్టగలదు. ఆ రోజు అది తెలియలేదు. "నా పిల్లని తీసుకుపోతున్నాను," అన్నాను.

"తీసుకెల్లు. కాని అడిగి తీసుకెల్లు."

"ఎవర్ని అడగాలి? మిమ్మల్నా?"

"నన్నెందుకు? దాన్నే."

అడగలేదు. నా వెనకే ఆ ఎనిమిది మందీ పిల్లల్ని లాక్కుపోయారు. చేలో పెద్ద పిల్లలు లేక ఆ పంటతోనే అది ఆగిపోయింది. నా కూతురు విశాఖలో ఒక హాస్టలు బళ్ళో మూడేళ్ళు చదివింది.

ఈ వేసవిలో పదో తరగతి అయి ఇంటికొచ్చింది. మార్కులు బాగా వచ్చాయి, నలుగురికీ స్వీట్లు పంచాను. మూడో రోజు మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీళ్ళు తాగొచ్చా?" అంది. వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతోంది. ఏ బట్టలు వేసుకుంటావంటే "నువ్వే చెప్పు," ఏం చదువుతావంటే "మీ ఇష్టం," ఏం తింటావంటే "ఏదైనా పర్లేదు." ఎదురు చెప్పడం లేదని మా ఆడపడుచు మెచ్చుకుంది.  ఈ పిల్ల నాకు తెలిసిన పిల్ల కాదు.

మూడేళ్ళుగా తొక్కని గుమ్మం తొక్కాను. టీచరమ్మ లోపలి గదిలో మంచం మీద ఉన్నారు, ఆయాసం. ముందు గదిలో పదకొండు మంది చిన్నపిల్లల్ని ఆయమ్మ చూసుకుంటోంది. నేను ఏదో అనబోయి, అది తిరగబడి, "తప్పు నాదే" అని బయటికొచ్చింది. జన్మలో మొదటిసారి అన్నానేమో.

"తప్పు సంగతి వొగ్గీ. గుంట ఎలగున్నాది?" అన్నారు.

చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"మళ్ళీ మామూలవుతుందా, టీచరమ్మా?"

"తెలీదమ్మా. నాను అబద్దం సెప్పలేను. మూడేళ్ళు తక్కువేటి?"

పోనీ అవుతుందని ఒక్క మాట అబద్ధమాడితే ఆవిడ సొమ్మేం పోయేది? ఆ కోపంతోనే ఇంటికొచ్చాను. మూడు వారాలకి ఆవిడ పోయారు.

సంతాప సభ కల్యాణ మండపంలో పెట్టారు. పెట్టించింది ఎవరు? మేము లాక్కొచ్చిన పిల్లల్లో చాలామందిని చేర్చుకున్న బడి కరస్పాండెంటు. ఆవిడ క్రమశిక్షణకి మారుపేరన్నాడు. అసలు ఆ ఇంట్లో ఎప్పుడైనా అడుగు పెట్టాడా వీడు! పెంకుటిల్లు అద్దెకిచ్చిన ఇంటాయన ఖాళీ చెయ్యమంటున్నాడట. అందుకని ఆవిడ సామానంతా తన ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టి, పైన ఆవిడ ఫొటో తగిలిస్తాడట. పిల్లలు ముట్టుకుని నేర్చుకునే వస్తువులు అద్దాల వెనక! జనం చప్పట్లు కొట్టారు, సంతాప సభలో. నేను లేవబోతే మా ఆయన, "ఒసే, కూకో, అల్లరిపాలు చెయ్యకు," అని చెయ్యి పట్టి లాగాడు. పక్కన నా కూతురు తల వంచుకుని ఉంది. ఏమ్మా అంటే, "ఏం లేదు," అంది.

మర్నాడు పొద్దున లేచేసరికి అది ఇంట్లో లేదు. చెప్పి వెళ్ళలేదు. పిచ్చిదానిలా వీధులన్నీ తిరిగి, చివరికి పెంకుటింటి దగ్గరికి వెళ్ళాను. ముందు ఆ కరస్పాండెంటు బడి వ్యాను ఖాళీగా ఆగి ఉంది. డ్రైవరు బీడీ కాలుస్తున్నాడు.

"సామానేదీ?" అన్నాను.

"ఎక్కించీసేనమ్మా. ఆ పాపొచ్చి దించీమన్నాది. మల్లీ దించీసేను. మా సారు ఫోన్లో తిడతన్నారు, నానేటి సేసేది?"

నా కూతురు అరుగు మీద ఉంది. జుట్టు దువ్వుకోలేదు, మోచేతుల దాకా దుమ్ము. నేను కొంగు దోపి, "నువ్వు పక్కకి తప్పుకో, ఆ కరస్పాండెంటు సంగతి నేను చూస్తాను," అన్నాను.

"వద్దమ్మా. నువ్వు మాట్లాడితే గొడవవుతుంది. ఇంటాయనతో నేను మాట్లాడేను. నెలాఖరు దాకా ఉండమన్నాడు."

"నెలాఖరు తర్వాత?"

"తెలీదు."

"మరి నీ కాలేజీ?"

"తెలీదన్నాను కదా. నువ్వెళ్ళమ్మా. పిల్లలొచ్చే వేళయింది, నువ్వుంటే నాకు పనవదు."

అని లోపలికి వెళ్ళి తలుపేసింది. గొళ్ళెం పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. ఈ ఊళ్ళో నా మొహం మీద తలుపేసినవాళ్ళు లేరు, వేసి బతికి బట్టకట్టినవాళ్ళు అసలే లేరు. డ్రైవరు బీడీ పట్టుకుని నన్నే చూస్తున్నాడు. లోపల నా కూతురు, ఏ వస్తువు ఏ అరలో ఉండాలో ఆయమ్మతో వాదిస్తోంది. గట్టిగా, ఒక్క మాట కూడా తగ్గకుండా, అచ్చం నాలాగే. తలుపు కొట్టలేదు. ఎండలో నిలబడి ఆ గొంతు వింటూ ఉండిపోయాను.