గోధుమ లేని ఓట్స్ బార్లు, అవ్వ మీద నా కాపలా

ఆ రోజులు మరీ పాతవేం కావు. ఇంట్లో అందరికీ ఫోన్లు వచ్చి, మా అవ్వకు కూడా వీడియోలు చూడటం అలవాటైన రోజులే. అయినా తలుచుకుంటే ఎక్కడో దూరంగా కనిపిస్తాయి. ఎందుకంటే అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసు. మాది నల్లమాడ దగ్గర పల్లె. మా వైపు మనుషులకు అనుమానం ఉగ్గుపాలతోనే వస్తుందేమో. మబ్బు పట్టినా అనుమానమే, విత్తనాలు కొన్నా అనుమానమే, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరుకు చోటు చూపించే ఆయన మీదయితే చెప్పనే అక్కర్లేదు. (వాన నిజంగానే కురుస్తున్నా మా నాయన అరుగు మీద నిలబడి, "ఇది నిలిచే వాన కాదులే" అని తేల్చేసేవాడు.) అలాంటి ఇంట్లో మా అన్నకు పెళ్లి సంబంధం వచ్చింది.

మా అన్న సేద్యం చేసుకుంటాడు. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఎందుకు తప్పిపోయాయో మా వైపు వాళ్లకు ఈ ఒక్క మాట చాలు. బోరును నమ్ముకున్న ఇంటికి పిల్లనివ్వడానికి ఎవరికీ మనసొప్పడం లేదు. అన్న వయసు ముప్పై దాటింది, అమ్మ దేవుడి పటాల ముందు నిలబడే సేపు పెరిగింది. అప్పుడు చిలమత్తూరు వైపు నుంచి ఒక పిల్ల, హిందూపురంలో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, అన్నతో ఫోన్లో మాట్లాడి సరేనంది. ఇది పోతే మళ్లీ ఇంకొకటి వస్తుందన్న ఆశ మాకెవరికీ లేదు. సంతోషించాల్సింది పోయి అందరం అనుమానంలో పడ్డాం. ఉద్యోగం చేసే పిల్ల, చూడ్డానికి చక్కని పిల్ల, మావాణ్ని ఎందుకు ఒప్పుకున్నట్టు? ఏదో ఉంది. ఏముంది?

ఏముందో సంబంధం తెచ్చిన మామ (ఆయన మాకు ఏ వరసలో మామో ఎవరికీ తెలియదు) కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా బయటపెట్టాడు.

"పిల్లకు గోధుమ పడదంట. చపాతీ, బిస్కెట్టు, మైదా, ఏదీ ముట్టకూడదని డాక్టర్లు చెప్పినారు. రవ్వంత కడుపులోకి పోయినా మంచం పడతాది."

"గోధుమ పడకపోయేదేందప్పా?" అంది అవ్వ. "మనకు వాన పడదు, ఆ పిల్లకు గోధుమ పడదు. బాగుండాది సంబంధం. చపాతీలు రుద్దే పని తప్పించుకునేకి చెప్తాండాదేమో, ఎవురికి తెలుసు."

"ముందర కుదిరిన ఇంట్లో వాళ్లూ ఇట్లే అనుకున్న్యారు పెద్దమ్మా. నిజమో నాటకమో చూద్దామని జొన్నరొట్టెలో గోధుమపిండి కలిపి పెట్టినారు. పిల్ల ఆసుపత్రి పాలైంది, సంబంధం యాడిదాడ నిలిచిపోయింది. అందుకే ఈసారి ఇల్లు చూసుకునేకి వాళ్ల నాయనతో పాటు తానూ వస్తానంటాంది. వంటిల్లు చూడల్లంట."

అవ్వ ఇంకేమీ మాట్లాడలేదు. వక్క కొరుకుతూ గోడ వైపు చూస్తూ కూర్చుంది. మా అవ్వ తిడుతున్నంతసేపూ భయం లేదు, నోరు మూసుకుని ఆలోచించిందంటేనే ప్రమాదం. ఈమె కూడా ఆ పరీక్ష పెడుతుందని, మా అన్న బతుకు ఒక చిటికెడు పిండితో ముగిసిపోతుందని అక్కడికక్కడే నిశ్చయించేసుకున్నాను.

అన్నను కాపాడే బాధ్యత నా నెత్తిన వేసుకున్నాను (ఎవరూ వేయలేదు). ఫోన్లో ఒక తెల్లావిడ, గోధుమ తగలకుండా ఓట్స్ బార్లు చేసి పైన చాక్లెట్ పోసే వీడియో చూపిస్తోంది. చాలా సులభం, ఎవరైనా చేయొచ్చు అని నవ్వుతూ చెబుతోంది. ఆవిడ వెనకాల ఓవెనుంది, తిప్పితే నీళ్లొచ్చే కొళాయి ఉంది, గుమ్మంలో అవ్వ లేదు. ఆవిడకు సులభమే. మామూలు ఓట్స్‌లో కూడా గోధుమ రజను కలిసి ఉంటుందని, అది తగల్లేదని పాకెట్టు మీద రాసి ఉన్నవే తేవాలని ఆవిడే చెప్పింది. అన్న బండేసుకుని పుట్టపర్తి వెళ్లి, ఆశ్రమానికొచ్చే విదేశీయులు సరుకులు కొనే అంగడిలో వెతికి తెచ్చాడు. అవ్వ ఒక గుప్పెడు తీసుకుని వాసన చూసింది.

"ఇది గుర్రాలకు పెట్టేది గదమ్మే. ఇంటికొచ్చే పిల్లకు దాణా పెడతావా?"

"నువ్వు ముట్టుకోవద్దవ్వా. చెయ్యి తీయి."

"ముట్టుకుంటే ఏమైతాది?"

ఏమవుతుందో నాకు బాగా తెలుసన్నట్టు చూశాను. ఆమె కూడా నన్ను అలాగే చూసింది.

వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే వంటింటిని స్వాధీనం చేసుకున్నాను. గిన్నెలన్నీ చింతపండేసి తోమాను. గోధుమపిండి డబ్బాను అటక మీదికెక్కించి, పైన పాత దుప్పటి కప్పాను. అవ్వను గుమ్మం దాటనివ్వలేదు. ఆమె గుమ్మానికి అవతల పీట వేసుకుని, నన్ను రెప్పవేయకుండా చూస్తూ కూర్చుంది. నేను అటు తిరిగి ఓట్స్ కలుపుతూనే మధ్యలో చటుక్కున వెనక్కి తిరిగేదాన్ని. ఆమె అక్కడే ఉండేది. అరటిపండ్లు మెదిపి, బెల్లం తురిమి, వేయించి నూరిన వేరుశనగ ముద్దలో ఓట్స్ వేసి కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పరిచి అదిమాను. చెంచా కూడా చేతిలోంచి వదల్లేదు. వదిలితే అవ్వ ఏదో ఒకటి పూసేస్తుందని భయం.

ఓవెన్ లేదు కాబట్టి, వేరుశనగ కాయలు వేయించే ఇసుకను పెద్ద డేగిశాలో పోసి, పొయ్యి మీద వేడెక్కించి, అందులో ముక్కాలిపీట పెట్టి, దాని మీద పళ్లెం దించాను. మూత చూస్తే సొట్టలు. చుట్టూ సందులు, వేడంతా బయటికే. మా ఇంట్లో బిర్యానీ చేసినప్పుడు ఇలా మూత సరిగ్గా కూర్చోకపోతే అమ్మ ఏం చేస్తుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కదా. క్షణం ఆలోచించలేదు. అటకెక్కి, దుప్పటి తీసి, డబ్బా దించి, పిండి తడిపి, తాడులా పేని మూత చుట్టూ అతికేశాను. ఇంత చక్కగా ఆవిరి కట్టడం అమ్మకు కూడా రాదని నా మీద నాకే ముచ్చటేసింది.

"ఏమ్మే, ఏం పిండి అది?" అంది అవ్వ గుమ్మంలోంచి.

"నీకెందుకు? నువ్వాడే ఉండు."

అది కాలి గట్టిపడింది. కత్తితో పెళ్లలు పెళ్లలుగా పగలగొట్టి మూత తీశాను. కొన్ని పొడి ముక్కలు పళ్లెంలో రాలితే నోటితో ఊదేశాను. వేడినీళ్ల మీద చాక్లెట్ కరిగించి పోసి, ఫ్రిజ్జులో పెట్టి, గట్టిపడ్డాక కోశాను. వీడియోలో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉన్నాయి.

వాళ్లొచ్చారు. పిల్ల నాయన మంచినీళ్లు కూడా ముట్టకుండా, "బోరు చూద్దాం పాండన్నా" అన్నాడు. మా వైపు ఇల్లు చూసుకోవడమంటే ముందు అదే. మా నాయన ముందు రోజు నుంచి మోటరు వేయకుండా నీళ్లు ఊరబెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరూ చేనుకు వెళ్లారు, వెనకాలే మామ. పిల్ల మాత్రం నేరుగా వంటింట్లోకి వచ్చింది. సన్నగా ఉంది. కళ్లు మాత్రం పోలీసు కళ్లు. డబ్బాలు చూసింది, గరిటెలు చూసింది, నేను అందించిన పళ్లెం పట్టుకుని, తినకుండా, పొయ్యి పక్కనున్న డేగిశా దగ్గర ఆగింది.

"ఇట్ల అడిగినానని ఏమీ అనుకోవద్దు. దీంట్లోనే చేసినావా?"

"దీంట్లోనే అక్కా."

"ఈ అంచుకు అంటుకున్న పిండి యాందిది?"

"గోధుమపిండి అక్కా. మూతకు గట్టిగా పెట్టినా, ఆవిరి రవ్వంత గూడా బయటికి పోలేదు."

ఎంత గర్వంగా చెప్పానో. ఆ మాట నోట్లోంచి వచ్చి, తిరిగి నా చెవిలో పడ్డాక గానీ ఏం చెప్పానో నాకు తెలియలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ అన్న ముఖం చూడలేక నేను నేల చూపులు చూశాను.

ఆ పిల్ల పళ్లెం మెల్లగా గట్టు మీద పెట్టింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మీరూ చూద్దామనుకున్న్యారా, నిజమో నాటకమో?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు, పొద్దున్నుంచి గుమ్మం దాటని అవ్వ లోపలికొచ్చింది. అయిపోయింది, ఉన్న కాస్తా ఈమె చెడగొడుతుందనుకున్నాను.

"చూద్దామనుకునింది నేను తల్లీ," అంది అవ్వ. "మనసులో అనుకున్న్యా, నిజమే. ఈ పిల్ల అది కనిపెట్టి, నీకు గోధుమ తగులుతాదని పొద్దున్నుంచీ నన్ను గుమ్మం తొక్కనీలేదు. డబ్బా అటక మీద దాచింది. మళ్లా తానే దించి తానే పూసింది. దీనికి బుద్ధి లేదు గానీ, దుర్బుద్ధి లేదు."

ఆ పిల్ల అవ్వను చూసింది, నన్ను చూసింది. "బియ్యప్పిండి అని చెప్పింటే నేను తినేసి ఉందును. నీకు అబద్ధం చెప్పల్లని తోచలేదా?"

"తోచేకి టైము యాడుండాది అక్కా," అన్నాను ముక్కు చీదుతూ.

ఆమె నవ్వింది. ముందు కొంచెం, తర్వాత ఆపుకోలేక. ఆ నవ్వుకు అన్న తలుపు వదిలేసి మళ్లీ పట్టుకున్నాడు. నవ్వు తగ్గాక, "ఆకలైతాంది అత్తా. మీరు పొద్దున ఏం తిన్న్యారు?" అని అమ్మనడిగింది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మేం తిన్నది రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి). ఇంటికొచ్చిన పెళ్లికూతురికి అది పెట్టేదెట్లా? ఆమె గిన్నె మూత తీసి చూసి, గరిటె తనే కడుక్కుని, తనే పెట్టుకుంది. సగం ముద్ద తిన్నాక కానీ బిగపట్టుకున్న భుజాలు సడలలేదు. ఇంకొకరింట్లో భయం లేకుండా తిని ఎన్నాళ్లయిందో పాపం.

చేను నుంచి పెద్దవాళ్లు వచ్చారు. పిల్ల నాయన మోటరు ఆపనివ్వకుండా, నీళ్లు సన్నబడేదాకా గట్టు మీద కూర్చున్నాడట. "ఊరబెట్టి చూపించినారు గదన్నా. మా ఇంట్లో ఆడపిల్లలకు సంబంధాలు చూసేకి పోయినప్పుడు నేనూ అందరి బోర్లూ చూసినవాణ్నే," అంటూ కూర్చున్నాడు. మా నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఇక ఈ సంబంధం రెండు వైపులా పోయినట్టే.

అప్పుడు ఆ పిల్ల వంటింటి గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ, "ఈ ఇంట్లో వాళ్లకు దాచిపెట్టేది చేతగాదు నాయనా. నాకిష్టమే," అంది.

మా నాయన పైకప్పు దూలాలను శ్రద్ధగా పరిశీలించాడు. పిల్ల నాయన ఎదురుగా పళ్లెంలో ఉన్న బారొకటి తీసుకుని కొరికాడు. ఇంకొకటి తీసుకున్నాడు. "బాగుండాయమ్మా. గోధుమ లేకుండా ఇంత బాగ ఎట్ల చేసినావు?" అని నన్నడిగాడు. నేను అవ్వను చూశాను, అవ్వ వంటింటి వైపు చూసింది.

ఇప్పుడు నాకు పెళ్లయింది, బెంగళూరులో కాపురం. వంటింట్లో ఓవెనుంది. వదిన వస్తే ఇప్పటికీ నా డబ్బాలన్నీ మూతలు తీసి చూస్తుంది, నేను ఏమీ అనుకోను. అన్నతో ఆమె బాగానే ఉంది, బోరు ఎండిన ఏడాది కూడా బాగానే ఉంది. నేనే మారాను. ఇన్నేళ్లలో ఇంటి ఓనర్లతో, ఆఫీసు వాళ్లతో, అత్తగారితో నెగ్గుకొచ్చి మాట నేర్చుకున్నాను. అప్పుడప్పుడూ ఆ డేగిశా ముందు నిలబడ్డ పంతొమ్మిదేళ్ల నేను గుర్తొస్తాను. ఈరోజు ఆ చోట నన్ను నిలబెట్టి, అంచుకు అంటుకున్నదేంటని ఎవరైనా అడిగితే, రెప్ప కూడా వేయకుండా "బియ్యప్పిండి అక్కా" అని నవ్వుతూ చెప్పేస్తాను. అలా చెప్పి ఉంటే మా ఇంటికి వదిన వచ్చేది కాదు.