చివరి చరణం

మా ఆయనకి స్పానిష్ ఆఫీసులో అంటుకుంది. టీములో సగం మంది మెక్సికో వాళ్ళు. వాళ్ళతో మాట్లాడటానికని మొదలుపెట్టి, చివరికి పాటల్లో పడ్డారు. జబ్బు చేశాక వాటి పిచ్చి ఇంకా ముదిరింది. హామిల్టన్‌లో ఆసుపత్రికి, కీమో కోసం, నేనే కారులో తీసుకెళ్ళేదాన్ని. పక్క సీట్లో కూర్చుని పాట పెట్టి, ఒక్కో లైనూ తెలుగులో చెప్పేవారు.

ఆ పాటల్లో ప్రేమించినవాళ్ళెవరూ బతికి బట్టకట్టరు. ఒకడు సముద్రంలో పోతాడు, ఒకావిడ ఎదురుచూసీ చూసీ పోతుంది. నాకు ఒళ్ళు మండేది. మా ఇంట్లో చావు మాట ఎత్తకూడదు. తథాస్తు దేవతలు వింటారని చిన్నప్పుడు మా అమ్మ నా నోరు మూయించేది, పెళ్ళయ్యాక నేను ఆయన నోరు మూయించాను. విల్లు రాద్దామన్నా "అశుభం మాట్లాడకండి" అని లేచి వెళ్ళిపోయేదాన్ని. పాటలో అయితే చచ్చేది ఎవరో పరాయివాడు కదా అని ఓర్చుకునేదాన్ని.

ఒక పాట మాత్రం పదేపదే పెట్టేవారు.

"నేను పోయాక నా బట్టలు దాచుకోకు, చలికి వణికేవాళ్ళకి ఇచ్చెయ్, అంటున్నాడు," అన్నారు ఒకరోజు.

ఇంకోరోజు, "ఒక్కదానివే కదా అని వంట మానకు, చారైనా పెట్టుకో, అంటున్నాడు."

"వాళ్ళకీ చారుంటుందా?"

"బీన్స్‌తో చేస్తార్లే," అన్నారు, కిటికీ వైపు చూస్తూ. నేను నవ్వాను కూడా.

కొత్త మందు మొదలుపెట్టే రోజు, దారిలో మళ్ళీ అదే పాట. "చివరి చరణం చెప్తా విను. నేను పోయాక నువ్వు..." అన్నారు. నేను చెయ్యి చాచి ఆపేశాను.

"మందు ఎక్కించుకోబోతూ ఈ ఏడుపేంటండీ?"

"పాటే కదే," అన్నారు. మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు.

ఆ మందు పని చేయలేదు. ఐదు వారాల్లో పోయారు. ఆ ఐదు వారాలూ మేము ప్లేట్‌లెట్ల గురించి, పార్కింగు గురించి మాట్లాడుకున్నాం.

ఆయనకి ఆ పాట పంపిన మెక్సికో కొలీగ్ పోయిన నెల మా ఇంటికొచ్చింది. పాట పెట్టి, చివరి చరణానికి అర్థం చెప్పమన్నాను. తుఫానులో పడవ మునిగిపోయిందట, రేవులో అమ్మాయి దీపం ఆర్పకుండా కూర్చుందట. మరి బట్టల సంగతి, చారు సంగతి ఎక్కడొస్తాయని అడిగాను. ఆవిడ నా మొహం చూసి, పాట మళ్ళీ మొదట్నుంచీ వింది.

"అవేవీ ఇందులో లేవు," అంది మెల్లగా. "అంతా పడవ గురించే."

నా మీద నాకే అసహ్యం వేసింది. సొంత భార్యకి రెండు మాటలు చెప్పుకోవడానికి ఆయన ఎవరిదో పాట అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

బట్టలన్నీ ఇల్లూ వాకిలీ లేనివాళ్ళుండే షెల్టర్‌కి ఇచ్చేశాను. రోజూ వండుకుంటున్నాను. మూడోది ఏం చెయ్యమనేవారో తెలీదు. ఆయన చెప్పబోయారు. నేనే చెప్పనివ్వలేదు.