లావు తీగలు

వాద్యాల దుకాణంలో తీగలమ్మే ఆయన్ని అందరూ మావయ్యా అనే పిలుస్తారు. బేస్ గిటారు తీగను రెండు వేళ్ల మధ్య నలిపి, పొట్లం మీది అంకె చూడకుండానే మందం చెప్పేస్తాడు. శ్రుతి దించి వాయిస్తామంటూ వచ్చేవాళ్లకు రోజూ ఒకటే పాఠం. "సన్న తీగను వదులు చేస్తే శ్రుతి దిగుతుంది నాయనా, కానీ పలకదు, గడగడా కొట్టుకుంటుంది. కిందికి దిగాలంటే లావు తీగే వెయ్యాలి." చెబుతున్నంతసేపూ చూపు గోడ మీది ఫొటో మీదే ఉంటుంది. అందులో నలుగురున్నారు. బేస్ పట్టుకున్నది ఆయనే.

మొన్న ఆ నలుగురిలో పాటగాడు ఒక బేస్ మోసుకొచ్చాడు. "మళ్లీ కచేరీలు మొదలెడుతున్నాంరా. నా గొంతు దిగిపోయింది, పాటలన్నీ రెండు మెట్లు దించాలి." మావయ్య ఇంకేమీ అడగలేదు. లావు తీగలు ఏరాడు. అవి కూర్చునేలా మెడ చివరి గాట్లను ఆకురాయితో వెడల్పు చేశాడు. తను గట్టిగా మీటే మనిషి కనుక, తన చేతికి నప్పినంత ఎత్తులో తీగలను నిలిపాడు. పాటగాడు నొక్కి చూసి, "ఇంతెత్తా? తగ్గించరా బాబూ, మా అల్లుడి వేళ్లు మెత్తన" అన్నాడు.

మావయ్య తీగల కింది మరలు ఒక్కొక్కటే తిప్పి దించాడు.

"ఒకసారి వాయించి చూడు" అన్నాడు పాటగాడు.

"వాయించేవాడే చూసుకుంటాడులే" అని, మావయ్య గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగేశాడు.