చెట్టుకు ఉపవాసం

మా దొడ్లో ఎర్రచందనం చెట్టు ఉందంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. రాయలసీమ, నెల్లూరు వైపు కొండల్లో, రాళ్ల సందుల్లో తప్ప దానంతట అది మరెక్కడా పెరగదు. అక్కడేమో దొంగలు నరికేస్తున్నారు. ఇక్కడ భీమడోలులో మేం నీళ్లు పోసి చంపేస్తున్నామేమోనని ఈమధ్య నాకు ఒకటే బెంగ.

మావయ్యగారు రిటైరైన ఏడాది తాడేపల్లిగూడెం నర్సరీ నుంచి తెచ్చి నాటారు దాన్ని. కిందటేడు ఆయన పోయారు. అప్పట్నుంచి అత్తయ్యగారు రోజూ పొద్దున్నే దాని పాదులో బిందెలతో నీళ్లు పోయడం మొదలుపెట్టారు. బియ్యం కడిగిన నీళ్లు కూడా దానికే. మా వైపు మనుషులం అంతే. ఆకు వాడినా నీళ్లే, పండినా నీళ్లే. దానికి తోడు గోడవతల వరిచేను చేపల చెరువైంది. ఆ ఊట కూడా మా దొడ్లోకే దిగుతోంది.

ఆ చెట్టు చలికాలంలో ఏటా ఆకు రాలుస్తుంది. ఈసారి రెమ్మల కొసలు కూడా ఎండాయి. చెట్టు మొదలు దగ్గర మురుగు వాసన వేస్తోంది. భయమేసి నర్సరీకి పరిగెత్తాను.

"రోజూ బిందెలతోనా?" అన్నాడు నర్సరీ ఆయన. "కొండచెట్టండీ అది. వేళ్లు నీళ్లలో నానితే కుళ్లిపోతాయండీ. నీళ్లు ఆపేసి, కాలవ తీసి తడి బయటికి పంపండి. ప్రాణముంటే ఎండల్లో చిగురేస్తుంది."

తిరుగు బస్సులో చెట్టు కంటే అత్తయ్యగారి సంగతే నన్ను తినేసింది. భర్త నాటిన చెట్టును ఆవిడ చేతులే చంపుతున్నాయని ఎలా చెప్పను? చెప్పకపోతే చెట్టు దక్కదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మర్నాడు బిందెతో వస్తున్న ఆవిడకు అడ్డం వెళ్లి నోటికొచ్చింది అనేశాను. "అత్తయ్యగారూ, లెంట్ రోజులు కదండీ. ఈస్టర్ దాకా చెట్టుకీ ఉపవాసం పెడదామండీ."

"చెట్టేం పాపం చేసిందమ్మా?" అన్నారు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ ఇంకేం అడక్కుండా బిందె దించేశారు. మా ఆయన పారతో కాలవ తీశారు. ప్రాణముందేమోనని నేను రోజూ ఒక రెమ్మ బెరడును గోటితో గీకి చూసేదాన్ని. పచ్చదనం కనిపించేది కాదు. ప్రార్థనలో కళ్లు మూసుకున్నా ఆ ఎండు రెమ్మలే.

ఈస్టర్ నాడు చర్చి నుంచి రాగానే ఆవిడ చీరైనా మార్చుకోకుండా బిందె నింపుకుని దొడ్లోకి నడిచారు. ఉపవాసం అయిపోయింది మరి, ఇంకేం అబద్ధం చెప్పను?

"అత్తయ్యగారూ, పొయ్యకండి!" అని అరిచాను.

ఆవిడ చెట్టును దాటి వెళ్లి మల్లెపాదులో పోశారు.

"పెంటపాడు చేలల్లో పెరిగినదాన్ని. కుళ్లిన వేరు వాసన నాకు తెలీదా?" అన్నారు. "నీళ్లు పోస్తుంటే ఆయనతో మాట్లాడుతున్నట్టుండేదమ్మా. చేతులు ఊరుకునేవి కాదు. నువ్వు ఉపవాసం అన్నాక మానడం తేలికైంది."

ఆవిడ కింది రెమ్మ వంచి, గోటితో గీకి నా వైపు పట్టారు.

"నాకు చూపు ఆనట్లేదు. పచ్చగా ఉందేమో నువ్వే చెప్పమ్మా."

వంగి చూశాను. ఎండిన చెక్కే.

"ఆ పక్కది వంచండీ," అన్నాను.