బొడ్లో తాళంచెవి

మన్సూరాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మ బొడ్లో ఎప్పుడూ ఒక తాళంచెవి ఉండేది. అది బోరు మోటారు స్విచ్చు డబ్బాది. పైన ట్యాంకు నిండి నీళ్లు కారిన చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలి పరుగెత్తి మోటారు ఆపేది. పెళ్లికి వెళ్లినా రాత్రి నిలిచేది కాదు. "నేను లేకుంటే మీకు నీళ్లెట్లొస్తయి?" అనేది.

ఆమె కంటి ఆపరేషన్‌కు మలక్‌పేట దవాఖానకు వెళ్లి వచ్చిన సాయంత్రం మోటారు దానంతటదే నడిచి, ట్యాంకు నిండగానే దానంతటదే ఆగింది. ఆమె లేనప్పుడు భర్త సెన్సర్ పెట్టించాడు.

"ఇక మీకు రిటైర్మెంటేనండీ పిన్నిగారూ!" అని పై వాటా గుంటూరావిడ నవ్వింది.

"నీకోసమే పెట్టించిన," అన్నాడు భర్త.

"నాకోసమైతే నన్నెందుకు అడగలే? నేను దవాఖానకు పోయేదాక ఆగినవా?"

మర్నాటి నుంచి తాళంచెవి ఆ డబ్బాకే వేలాడింది.

వానాకాలంలో సెన్సర్ పాడై, నీళ్లు మెట్ల మీదుగా దూకాయి. "ఏమే, జర మోటార్ బంద్ చెయ్!" అని ఆయన బాత్‌రూంలోంచి కేకేశాడు.

వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె తలెత్తలేదు.

"అదే ఆగుతది తియ్. నన్నడిగి నడుస్తున్నదా?"

నీళ్లు కాళ్లదాకా వచ్చాక, పీట కాస్త పక్కకు జరుపుకుంది.